పేట్ బషీరాబాద్‌లో వీఆర్ దుకాణం

వచ్చే నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది. తీసేయలేదండోయ్, నేనే కాగితం ఇచ్చాను. తొంభై రోజుల నోటీసు పీరియడ్‌లో అరవై రోజులు గడిచాయి. ఈ అరవై రోజుల్లో అడిగిన ప్రతివాడూ రెండే ప్రశ్నలు: "ఎక్కడికి? హైక్ ఎంత?" ఎక్కడికీ కాదు, ఇంట్లోనే, హైక్ సున్నా అని చెప్తే మొదట జోకనుకుంటారు. వర్చువల్ రియాలిటీలో ఆటలూ, పనికొచ్చే టూల్సూ సొంతంగా చేద్దామనుకుంటున్నా అని చెప్పాక మాత్రం మొహంలోకి ఓ జాలి వస్తుంది. "మెటావర్సా? అది పోయింది కదరా!" అన్నాడు పక్క సీటు మిత్రుడు. మా అమ్మ ఇంకా సూటిగా అడిగింది. "గా కండ్లకు కట్టుకునేదానికి పైసలు ఎవలిస్తరు బిడ్డా?"

అమ్మ ప్రశ్నకి నా దగ్గర సగం సమాధానమే ఉంది. ఆ సగమైనా ఓ చోట రాసి పెట్టుకుంటే నాకే మంచిదని కూర్చున్నాను.

ముందు మా ఊరి సంగతి. సుచిత్ర దాటి కొంపల్లి వైపు మేడ్చల్ రోడ్డు పట్టుకుంటే వచ్చేదే పేట్ బషీరాబాద్. ఐటీ వాళ్ళు హైదరాబాద్ అనుకునే పటంలో మేం ఉండం. "ఎక్కడుంటావ్?" అంటే చెప్పి, "అదెక్కడ?" అంటే "కొంపల్లి దగ్గర" అని, "ఓ... నాగ్‌పూర్ హైవేనా" అనిపించుకోవడం నాకు అలవాటే. ఐటీ మా వైపుకీ వస్తుందని చాన్నాళ్ళుగా ఆశ. 2022 ఫిబ్రవరిలో కండ్లకోయలో గేట్‌వే ఐటీ పార్కుకి శంకుస్థాపన జరిగినప్పుడు మా నాన్న పేపర్ కటింగ్ తీసి నా టేబుల్ మీద పెట్టారు కూడా. నేను మాత్రం రోజూ పొద్దున్నే బాలానగర్ మీదుగా హైటెక్ సిటీకి పోతూనే ఉన్నాను. ఐటీ సంగతి అలా ఉంచితే, మాకు ఎప్పట్నించో ఉన్నది ఇంకోటుంది: జీడిమెట్ల పారిశ్రామికవాడ. నా కథలోకి అది ఆలస్యంగా వస్తుంది. నా బుర్రలోకి కూడా అలాగే వచ్చింది మరి.

నాకీ వీఆర్ పిచ్చి ఇంజినీరింగ్‌లో పట్టుకుంది. 2016లో రాజమౌళి, ఆర్కా మీడియావర్క్స్, ఏఎండీ కలిసి 'ద స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' అని ఓ వీఆర్ చిత్రం చేస్తున్నట్టు ప్రకటించారు. ఏఎండీ వైపు దాని వెనక ఉన్నది రాజా కోడూరి, అప్పట్లో ఆ కంపెనీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి. కొవ్వూరులో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఐఐటీ ఖరగ్‌పూర్‌లోనూ చదివిన మనిషి. నేనా చిత్రం చూడనే లేదు. చదివాను, అంతే. కానీ మాహిష్మతిలో నిలబడి తల తిప్పి చూడొచ్చన్న ఊహ చాలు, ఆ వారమే కోఠీ వెళ్ళి అట్టముక్కతో చేసిన గూగుల్ కార్డ్‌బోర్డ్ లాంటిదొకటి కొనుక్కొచ్చాను. ఫోన్ దూర్చి కళ్ళకి పెట్టుకుంటే పది నిమిషాల్లో తలనొప్పి. అయినా వదల్లేదు.

సరే, పక్క సీటు మిత్రుడన్నది నిజమేనా? కొంత నిజమే. 2014లో ఫేస్‌బుక్ రెండు వందల కోట్ల డాలర్లు పెట్టి ఓక్యులస్‌ని కొంటున్నట్టు ప్రకటించింది. 2021లో ఏకంగా తన పేరే మెటా అని మార్చుకుంది. 2024 ఒక్క ఏడాదిలో ఆ కంపెనీ రియాలిటీ ల్యాబ్స్ విభాగానికి వచ్చిన నిర్వహణ నష్టం సుమారు 1,770 కోట్ల డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూశాను, సున్నాలు లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. గూగుల్ తన డేడ్రీమ్‌ని 2019లోనే మూసేసింది. ఆపిల్ 2024లో తెచ్చిన విజన్ ప్రో ధర 3,499 డాలర్లు, దాని గురించి మనం మాట్లాడుకోవడం కూడా అనవసరం.

కానీ ఇదే సమయంలో ఇంకో కథ కూడా నడిచింది. 2018లో చెక్ రిపబ్లిక్ నుంచి ఓ చిన్న బృందం బీట్ సేబర్ అనే ఆట విడుదల చేసింది. పాటకి తగ్గట్టు ఎదురొచ్చే దిమ్మెల్ని రెండు కత్తులతో నరకడం, అంతే ఆట. మనిషి నిలబడ్డ చోటి నుంచి కదలక్కర్లేదు. మరుసటి ఏడాదే ఫేస్‌బుక్ ఆ బృందాన్ని కొనేసుకుంది. తర్వాత గొరిల్లా ట్యాగ్ వచ్చింది. దాన్ని మొదలుపెట్టింది కెరెస్టెల్ స్మిత్ అనే ఒక్కడు. బొమ్మలు చూస్తే మన ఫైనలియర్ ప్రాజెక్టులే నయం అనిపిస్తాయి. నడవడానికి బటన్లు లేవు, చేతులతో నేలని నెట్టుకుంటూ కోతిలా గెంతాలి. పిల్లలు వెర్రెత్తిపోయారు. వేల మందిని పెట్టుకున్న కంపెనీలు దేన్నైతే పట్టుకోలేకపోయాయో దాన్ని ఇద్దరు ముగ్గురు పట్టుకున్నారు. చేతులు ఎలా కదులుతాయో చూసి, దానికి తగ్గ ఆట చేశారు వాళ్ళు. ఆట ముందు రాసుకుని చేతుల్ని దానికి వంచలేదు.

ఇదంతా నాకు ఇప్పుడు తెలిసిన తెలివి. మూడేళ్ళ క్రితం మొదలుపెట్టినప్పుడు నేను చేసింది సరిగ్గా రెండోదే.

నా ఆట పతంగుల ఆట. సంక్రాంతి, పేట్ బషీరాబాద్‌లో ఓ నాలుగంతస్తుల డాబా, చేతిలో మాంజా, పక్క డాబా వాడితో పేంచ్. తెగితే "అఫా!" అని అరుపు. మా చిన్నప్పుడు మూడు రోజులు అన్నం కూడా డాబా మీదే. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్ మాంజాని దేశమంతటా నిషేధించినా ఏటా ఎవరో ఒకరి మెడ తెగిన వార్త వస్తూనే ఉంది. పక్షుల సంగతి సరేసరి. అందుకని ఎవరి మెడా తెగని పతంగుల ఆట చేస్తే, డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న మనవాళ్ళు కళ్ళకి పెట్టుకుని జనవరి 14న మన డాబా ఎక్కేస్తారు అని నా ప్లాను. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది :)

హెడ్‌సెట్ కూడా డాలస్ నుంచే వచ్చింది. 2020లో క్వెస్ట్ 2 విడుదలైనప్పుడు అమ్మే దేశాల జాబితాలో మన దేశం లేదు. మా బావ వస్తుంటే అందరూ విటమిన్ మాత్రలూ బాదంపప్పూ తెమ్మన్నారు, నేను ఇది తెమ్మన్నాను.

మొదటి దెబ్బ ఫ్యాన్ కొట్టింది. దెబ్బ అంటే దెబ్బే. అటూ ఇటూ కదులుతూ ఆడే వీఆర్‌కి కనీసం రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ ఉండాలంటారు. మా రెండు పడకగదుల ఫ్లాట్‌లో నా గది పది బై పదకొండు. అందులో డబుల్ కాట్, బీరువా, ఇస్త్రీ బట్టల కుర్చీ పోగా నాకు మిగిలింది ఓ చాప. పైన తిరిగే ఫ్యాను. పతంగి ఆటలో చెయ్యి పైకెత్తకుండా ఎలా? రెండోరోజే కంట్రోలర్ రెక్కకి తగిలి ఎగిరి బీరువా అద్దం పగిలింది. కాలిఫోర్నియాలో గ్యారేజీ ఉన్నవాడు రాసిన డిజైన్ సలహాలు చదువుకుని ఇక్కడ ఆట చేస్తే ఇంతే.

రెండోది మెడ. క్వెస్ట్ 2 బరువు అర కిలో. బరువంతా ముందువైపే. పతంగి ఆటంటేనే తలెత్తి చూడటం. ఐదు నిమిషాలకి మెడ పట్టేస్తోంది. నిజం డాబా మీద గంటలు గంటలు ఎలా చూశామో! పతంగి మరీ నెత్తిమీద కాకుండా ఎదురుగా కనపడేలా డాబాని ఎత్తు పెంచి, గాలి దిశ మార్చి ఏదో తంటాలు పడ్డాను.

మూడోది మనందరికీ అర్థమయ్యే బాధ. ఆ డబ్బాలో సెకనుకి 72 బొమ్మలు గియ్యాలి. అంటే ఒక్కోదానికి 13.9 మిల్లీసెకన్లు, రెండు కళ్ళకీ కలిపి. ఆఫీసులో నేను రాసే సర్వీసు 400 మిల్లీసెకన్లలో జవాబిస్తే మేనేజరు మెచ్చుకుంటూ మెయిల్ పెడతాడు. గార్బేజ్ కలెక్టర్ ఓ క్షణం ఆగితే గ్రాఫ్‌లో ఓ ముల్లు కనిపిస్తుంది, ఎవడూ పట్టించుకోడు. ఇక్కడ అదే ఆగితే తల తిప్పినా లోకం తిరగదు. కన్ను ఒకటి చెప్తుంది, చెవిలోపలి తూకం ఇంకోటి చెప్తుంది, కడుపు రెంటినీ నమ్మదు. మా అమ్మకి చూపించిన రోజు నా కోడ్‌లో ప్రతి ఫ్రేముకీ ఓ లిస్టు కొత్తగా పుట్టించే లైనొకటి ఉండిపోయింది. అమ్మ లేచి వెళ్ళి మొహం కడుక్కుని మళ్ళీ దాని జోలికి రాలేదు. ఏళ్ళ తరబడి కోడ్ రివ్యూల్లో నేర్చుకోని పాఠం ఆ రోజు నేర్చుకున్నాను.

ఇవన్నీ సరిచేసుకోదగ్గవే. సరిచేశాను కూడా. సరికానిది ఒకటి మిగిలింది.

పతంగిని మనం కంటితో ఆడించం, వేలితో ఆడిస్తాం. ఢీల్ ఇవ్వాలా, ఖీంచ్ కొట్టాలా అన్నది చూపుడు వేలి మీద దారం జారే తీరు చెప్తుంది. గాలి పడిపోయిందని కంటికి కనపడకముందే వేలికి తెలుస్తుంది. కంట్రోలర్‌కి తెలిసిన విద్య ఒక్కటే, వణకడం. ఆ వణుకునే రకరకాలుగా మార్చి చూశాను, దారం బిగుతుని బట్టి వేగం, పేంచ్ పడితే గరగర శబ్దం, దారం వంపు... ఎన్ని చేసినా లాగుతున్నట్టు ఉండదు, ఫోన్ మోగుతున్నట్టు ఉంటుంది. మా తమ్ముడు పది నిమిషాలాడి, "బాగుందన్నా. కానీ పతంగి లేదు" అని తీసి పక్కన పెట్టాడు. ఏడాదిన్నర శనాదివారాల పనికి వాడిచ్చిన రివ్యూ అది. వాడు తప్పు చెప్పలేదు.

అప్పుడు వచ్చాడు మామ. మా అమ్మ తమ్ముడు. జీడిమెట్లలో ఓ షెడ్డులో టర్నరు. లేత్ మిషన్ మీద ఇరవై రెండేళ్ళ అనుభవం. కుడిచేతి చూపుడు వేలు మొదటి కణుపు దాకా లేదు. 2011లో, అప్పుడు పనిచేసిన వేరే షెడ్డులో, ఎమరీ పేపరు వేలికి చుట్టుకుని తిరుగుతున్న జాబ్‌ని మెరుగు పెడుతుంటే పేపరు లాక్కుంది, దాంతో పాటే వేలునీ. మిషన్ ఆగేదాకా ఆయన అరవలేదట. ఈ సంగతి మా ఇంట్లో ఎప్పుడో ఓ వాక్యంలో చెప్పుకుని వదిలేసేదే తప్ప, నేను ఏనాడూ పూర్తిగా అడగలేదు.

ఆ ఆదివారం మామ పతంగుల ఆట ఆడుతుంటే నేను పక్కన నించుని దారం గోల చెప్పాను. వేలికి తెలీట్లేదు మామా, అదే సమస్య అని. చెప్పాక నాలిక కరుచుకున్నాను. ఆయన మాత్రం నవ్వి, "నాకైతే సరిపోయింది పో, నాకు గా వేలే లేదు" అన్నాడు. తర్వాత హెడ్‌సెట్ తీసి చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తూ, "ఇండ్ల మా లేత్ మిషన్ పెట్టస్తదా?" అని అడిగాడు.

ఎందుకంటే, వాళ్ళ షెడ్డులోకి నెలకో కొత్త పిల్లాడు వస్తాడు. బీహార్ నుంచో ఒడిశా నుంచో. రెండ్రోజులు పక్కన నిలబెట్టి చూపిస్తారు, మూడోరోజు మిషన్ మీద. లేత్ దగ్గర అందరికీ తెలిసిన ప్రమాదం ఇంకోటుంది. జాబ్ బిగించాక చక్ కీని చక్‌లోనే మర్చిపోయి పచ్చ బటన్ నొక్కడం. అది విసురుగా లేచి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఆ మధ్య ఓ పిల్లాడి చెవి పక్కనుంచి పోయి గోడకి కొట్టుకుందట. "మల్ల మల్ల చెప్తం. చెప్తే వింటరు గానీ చెయ్యి వినదు గద" అన్నాడు మామ.

చెయ్యి వినదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆలోచించి చూస్తే, పతంగికి కావల్సింది స్పర్శ, అది ఈ డబ్బా ఇవ్వలేదు. లేత్ దగ్గర పిల్లాడికి ముందుగా కావల్సింది స్పర్శ కాదు, వరస. కీ తిప్పు, కీ తియ్యి, హుక్కుకి తగిలించు, అప్పుడు బటన్. ఏది ఎక్కడ ఉంది, ఏది తర్వాత ఏది. చెయ్యి ఎటు వెళ్ళింది, తల ఎటు తిరిగింది అన్నది ఈ డబ్బాకి బాగా తెలుసు. అది కచ్చితంగా చేయగలిగేది అదొక్కటే! పైగా తప్పు చేస్తే జరగాల్సింది జరిగిపోతుంది, కీ లేచి మొహం మీదికి వస్తుంది, పిల్లాడు ఉలిక్కిపడి వెనక్కి దూకుతాడు, వేళ్ళు పదీ ఉంటాయి.

ఇది నేను కనిపెట్టిన ఐడియా ఏం కాదు. మన హైదరాబాద్‌లోనే హేమంత్ సత్యనారాయణ స్థాపించిన ఇమాజినేట్ పెద్ద పరిశ్రమల కోసం ఇలాంటి పనులు ఎప్పట్నుంచో చేస్తోంది. పెద్ద కంపెనీలకి చేసేవాళ్ళు ఉన్నారు. ఆరుగురు పనిచేసే రేకుల షెడ్డుకి చేసేవాడు నాకైతే కనపళ్ళేదు.

నాలుగు నెలల్లో మొదటి రూపం తయారైంది. మధ్యలో ఓ తమాషా. 2023 సెప్టెంబరులో యూనిటీ వాళ్ళు గేమ్ ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ అయితే అంత రుసుము అని ప్రకటించి లోకం చేత తిట్లు తిని, ఏడాది తర్వాత వెనక్కి తీసుకున్నారు. మిగతావాళ్ళు ఆ కోపంతో గోడో ఇంజిన్‌కి మారారు. నేను మారింది మాత్రం ఒత్తుల కోసం. యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో "జాగ్రత్త" అని రాస్తే ఒత్తులన్నీ ఊడి పక్కన పడి, చదివేవాడికే జాగ్రత్త అవసరమయ్యేది. గోడో నాలుగో వెర్షన్ అక్షరాలు పేర్చడానికి హార్ఫ్‌బజ్ వాడుతుంది కాబట్టి తెలుగు తెలుగులాగే వచ్చింది, హిందీ కూడా. ఉచితం, సోర్స్ మన చేతిలో ఉంటుంది. రేపు కంపెనీ వాడి మనసు మారినా నాకు నష్టం లేదు. (తర్వాత తెలిసిందేంటంటే ఆ పిల్లల్లో సగం మంది రాసింది చదవరు, గొంతే కావాలి. ఆ గొంతు మామది. హిందీ కూడా ఆయనే చెప్పాడు, జీడిమెట్ల హిందీ :))

ఇక డబ్బు లెక్క. ఏడాది ఇంటి ఖర్చుకి సరిపడా దాచాను. నాన్నకి పెన్షన్ ఉంది, ఇల్లు సొంతం, లోన్ లేదు. ఇవేవీ లేకుండా కాగితం ఇచ్చేవాణ్ణి కాదు, వీరుడి వేషం నాకొద్దు. 2024 అక్టోబరులో వచ్చిన క్వెస్ట్ 3ఎస్ మొదటి ధర 299 డాలర్లు. అలాంటివి రెండు నా దగ్గరున్నాయి. షెడ్డు యజమాని హెడ్‌సెట్ కొనడు, కొనమని అడగను కూడా. నేనే స్కూటీ మీద తీసుకెళ్తా, కొత్తగా చేరిన పిల్లాడికి అరగంట చొప్పున మూడు రోజులు, మనిషికి ఇంత అని. ఎంత అన్నదే తేలలేదు. మామ యజమానిని అడిగితే, "స్ప్రింగు ఉన్న చక్ కీ కొంటే సరిపోదా? చెయ్యి తియ్యంగనే అదే బయటికొస్తది" అన్నాడు. నా గుండె జారిపోయింది, ఎందుకంటే అది నిజం. నా ఏడాది ప్లానుని ఓ స్ప్రింగు కొట్టేస్తోంది! మామే అందుకున్నాడు: "సేట్, పోయినసారి తెచ్చినవి ఏడున్నయ్? అడ్డమొస్తున్నయని స్ప్రింగులు మొదటి దినమే పీకేసిండ్రు." యజమాని మాట్లాడలేదు. ముగ్గురు పిల్లలతో చూద్దాం, ముందు ఉచితంగా అన్నాడు. ఉచితానికి సరే అన్నాను. అమ్మ ప్రశ్నకి సమాధానం సగమే ఉందన్నది ఇందుకే.

సంబంధాలు చూసే పెద్దమనిషికి మాత్రం ఇంకా చెప్పలేదు. "అబ్బాయి ఏం చేస్తాడు" అంటే నాన్న ప్రస్తుతానికి "సాఫ్ట్‌వేరే" అంటున్నారు. అబద్ధం కాదుగా!

పతంగుల ఆటని పారెయ్యలేదు. దారం పక్కనపెట్టి, తెగిన పతంగుల వెనక సందుల్లో పరుగెత్తి పట్టుకునే ఆటగా మారుద్దామా అని ఉంది. ఆ పరుగుకి వేలితో పని లేదు. కాకపోతే నా గదిలో పరుగెక్కడ? గొరిల్లా ట్యాగ్ వాడిలా చేతులతో ఏదైనా చేయాలి. అది రాత్రుళ్ళ పని.

పోయిన ఆదివారం షెడ్డులో మొదటి పరీక్ష చేశాం. ముందుగా మామే పెట్టుకున్నాడు. కీ తిప్పాడు, తీశాడు, హుక్కు కోసం చెయ్యి ఎడమకి చాచాడు. అక్కడ ఏమీ లేదు. గాల్లో రెండుసార్లు వెతికి, తెలిసినవాడు కాబట్టి ఆగాడు. హెడ్‌సెట్ పైకెత్తి నావైపు చూశాడు.

"హుక్కు కుడిదిక్కు పెట్టినవేందిరా? మా దగ్గర ఎడమదిక్కుంటది. పిలగాడు నీ దాంట్ల కుడిదిక్కు అలవాటు జేస్కొని ఇక్కడికొస్తే మల్ల గదే లొల్లి."

పక్క షెడ్డులో ఎటువైపుందో వెళ్ళి చూశాం. అక్కడ హుక్కే లేదు, కీ ఓ డబ్బాలో వేస్తారు. అవతలి షెడ్డులో మిషన్ బల్ల మీదే పెడతారు. అంటే ప్రతి షెడ్డుకీ మిషన్ చుట్టూ ఉన్నవన్నీ కొలిచి, ఎక్కడివక్కడ పెట్టుకునేలా ముందు ఓ టూల్ రాయాలి. అది నా ప్లానులో లేదు. రెండు వారాల పని అనుకుంటున్నా, అంటే రెండు నెలలు. ఈ ఆదివారం టేపూ నోట్‌బుక్కూ పట్టుకుని మామ వెనక పోతున్నాను. మొత్తం పదకొండు షెడ్లట.